వల్ల

ఒంగోలు కర్నూలు రోడ్డులో టైర్ల కొట్టు మీద
రెండో అంతస్తు మాది.
కింద రబ్బరు వాసన, పైన ఏసీ చలి,
గంటకి పన్నెండు చార్టులు.

ఇవాళ నా వంతుకి అన్నీ పసిపిల్లలే వచ్చారు.
పేర్లుండవు, చెరిపేసే పంపుతారు.
బరువుంటుంది.
పుట్టగానే ఏడ్చిందా లేదా ఉంటుంది.
ఒకడి వయసు నలభై నిమిషాలు.

చేరిన కొత్తల్లో రమిజాబీ మేడం చెప్పింది,
మేడంది నెల్లూరు, 'బాక' ఎక్కువ:
"పీ తో మొదలయ్యే కోడు బిడ్డది.
తల్లి చార్టులో ఎప్పుడూ వెయ్యబాకండి.
ఇంకోటి, డాక్టరు రాయంది జరగనట్టే.
మీరు డాక్టర్లు కాబాకండి."
అందరం నవ్వాం.
ఆ మాట నా నోట్సులో ఇంకా ఉంది,
కింద రెండు ఎర్ర గీతలతో.

పదకొండో చార్టు.
మగబిడ్డ. రెండు కిలోల మూడొందలు.
చేతులు వణుకుతున్నాయి.
పాలు పట్టుకోవడం లేదు.
తల్లికి మూర్ఛ. కడుపు రాకముందు నుంచీ మాత్రలు,
డాక్టరు రాసిచ్చినవే.
పీ సున్నా నాలుగు, చుక్క, పదమూడు.
పుస్తకం తియ్యక్కర్లేదు, నాకది
ఇంటి నంబరులాగా తెలుసు.

కానీ వణుకు ఒక వాక్యం,
మాత్ర ఇంకో వాక్యం.
మధ్యలో 'వల్ల' లేదు.
ఆ రెండక్షరాలు డాక్టరు రాయలేదు,
నేను రాయకూడదు.

మా కాన్పు మార్కాపురంలో.
అమ్మది పలకల ఫ్యాక్టరీలో అంచులు అరగదీసే పని.
చీర కుచ్చిళ్ళలో కూడా బూడిదరంగు పొడి.
ఐదో నెలలో బిళ్ళ చేతిలో పట్టుకుని చూసింది.
"ఇంత బిళ్ళ ఆ కాస్త ప్రాణి ఎట్టా అరిగించుకుంటదే?
సగం చాల్లే."
పలక గీసే బాకుతో, గీత గీసినట్టే,
సరిగ్గా నడిమికి కోసింది.
రోజూ సగం మింగాను.
మిగిలిన సగం పౌడరు డబ్బాలో.

ఏడో నెలలో నీళ్ళ తొట్టి దగ్గర పడ్డాను.
లేచేసరికి నా నాలుక ఉప్పగా ఉంది,
అమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని
ఫ్యాక్టరీ మిషన్ల వైపు చూస్తోంది.
మేం ఎవరికీ చెప్పలేదు.
ఒకరికొకరం కూడా చెప్పుకోలేదు.

మాల్యాద్రి పుట్టాడు.
మూడు రోజులు గడ్డం వణికింది వాడికి,
చలికి వణికినట్టు, నడి మే నెలలో.
పక్క మంచం ఆవిడ వంగి చూసి
ఎంత సులువుగా అనేసిందో:
"ఆ బిళ్ళల వల్లేనమ్మా."

డిశ్చార్జి చీటీలో ఒకటే ముక్క: తల్లీ బిడ్డా క్షేమం.

మింగిన సగం వల్లా?
మింగని సగం వల్లా?
ఏ పీ కింద పెట్టను దీన్ని?
నా చార్టులో వెయ్యకూడదు,
వాడికి చార్టే లేదు.

చెంచయ్య సారు వెనక నిలబడ్డాడు.
"తొమ్మిది దగ్గరే ఉన్నావేందమ్మా ఈ గంట?"
డాక్టరుకి ప్రశ్న రాస్తున్నానన్నాను.
జవాబు నోటికి అందించేలా అడక్కూడదు, రూలు.
మూడుసార్లు కొట్టేసి రాశాను:
'బిడ్డ వణుకుకి కారణం, తెలిస్తే, దయచేసి తెలపగలరు.'
'తెలిస్తే' తీసెయ్యమన్నాడు సారు.
తీసేశాను.
చార్టు పెండింగులోకి వెళ్ళింది.
అవతల ఎక్కడో ఆ తల్లి ఇప్పుడు
పాలసీసా వేడి చూసుకుంటూ ఉంటుంది.

ఇంటికెళ్ళేసరికి ఎనిమిదైంది.
మాల్యాద్రి రెండో తరగతి.
గీతలు నిటారుగానే గీస్తాడు, కాస్త నిదానం.
అమ్మ పంపిన పలక మీద
రేపటి డిక్టేషన్ రాసుకుంటున్నాడు:
'వాన వల చెరువు నిండింది.'
ల కింద వత్తు మర్చిపోతాడు ఎప్పుడూ.

బలపం తీసుకున్నాను.
"తప్పా?" అన్నాడు మొహంలోకి చూస్తూ.
తినేసి దిద్దుదాంలే అన్నాను.
అన్నం తిన్నాం.
వాడు నిద్రపోయాడు.
పలక ఇంకా అట్టాగే ఉంది.